పెళుసు రేకు

“తాగి ఎక్కిండు సార్. జేబుల మందు సీస గూడ దొరికింది. తూలి పడ్డడు. గంతే,” అన్నాడు ఉపేందర్.

గోదావరిఖని బైపాస్ పక్కన బొగ్గు లారీలకు బాడీలు కట్టే షెడ్డు అతనిది. పోయిన వారం ఆ షెడ్డు కప్పు మీంచే వెల్డర్ సదయ్య కింద పడ్డాడు. నడుము విరిగి కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు.

విచారణకు పెద్దపల్లి నుంచి వచ్చిన ఆఫీసరు శాంతిరాజ్ తలెత్తి చూశాడు. ఇనుప రేకుల నడుమ వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకులు ఎండకు పసుపుపచ్చగా మారిపోయాయి. ఒకచోట మనిషి పట్టేంత బొక్క.

“బాగా పాతబడ్డట్టున్నయి కదా?”

“ఎండకు రంగు మారింది సార్. గట్టితనం అట్లనే ఉన్నది. ఏనుగు నడిచినా ఏంగాదు.”

సదయ్య భార్య సారవ్వ ముందుకొచ్చింది. “అయితే నువ్వు నడువు సేటూ.”

పనివాళ్లందరి చూపూ ఉపేందర్ మీదికి తిరిగింది. అతని ముఖం ఎర్రబడింది.

“నడుస్తనే! నడిచినంక ఈ లొల్లి బందు కావాలె.”

“అవసరం లేదు, దిగండి,” అని ఆఫీసరు అంటూనే ఉన్నాడు, ఉపేందర్ నిచ్చెన ఎక్కేశాడు.

సారవ్వ షెడ్డులోకి నడిచింది. పనివాళ్లు ఆపబోయారు.

“ఎవ్వరు లోపటికి రావద్దు. నా మొగడు పడ్డ జాగల నేనే నిలబడ్త. పగిలితే నా మీదనే పడనియ్యిండ్రి.”

మిషన్లు ఆగిపోయిన షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. పైన, పసుపుపచ్చ రేకు మీద ఉపేందర్ నీడ కదులుతోంది. కింద ఇనుప దూలం ఉన్నచోటు చూసుకుని, బోల్టుల వరస మీదే అడుగులేస్తున్నాడు.

“బోల్టుల మీద కాదు సేటూ, నడుమ నడువు!” అరిచింది సారవ్వ. “నా మొగన్ని అట్లనే నడువమంటివి కదా.”

నీడ ఆగింది. కాసేపటికి ఒక కాలు నడిమికి వచ్చింది. రెండోది కూడా వచ్చింది.

ఫట్!

“అమ్మో!” ఉపేందర్ అక్కడికక్కడే బోర్లా పడుకున్నాడు. మే నెల ఎండకు కాలిన రేకు చేతులకూ పొట్టకూ చురుక్కుమంటోంది. లేచే ధైర్యం లేదు. “పగులుతున్నది! చెక్క పలక ఎయ్యిండ్రిరా! జల్ది!”

బయట ఒకడు పలక కోసం పరుగెత్తాడు.

“ఆయన గూడ పలక అడిగిండు,” అంది సారవ్వ, తల పైకెత్తి. “నువ్వేమన్నవు?”

“యాదికి లేదు...”

ఫట్!

“చెప్త! పలక గిలక ఏం లేదు, పొమ్మన్న!”

“రేకు సంగతి నీకు ఎర్కనా, లేదా?”

“ఎర్కనే! ఎండకు పెళుసైనయి, మార్చుమని రేకులోడు పోయినేడే చెప్పిండు. ఖర్సెందుకని ఊకున్న.”

“నా మొగడు కల్లు గూడ ముట్టడు. ఆయన జేబుల సీస ఎక్కడిది?”

ఉపేందర్ చెమట రేకు మీద పడి, పడ్డచోటే ఆరిపోతోంది.

ఫట్! ఫట్!

“నేనే పెట్టిన! పడ్డంక నేనే పెట్టిన! నీ కాల్మొక్త సారవ్వా, నన్ను దింపుమను!”

ఆ కేక రోడ్డు దాకా వినిపించింది. నిచ్చెన దగ్గర నిలబడ్డ శాంతిరాజ్ ఫోన్లో ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. పలక వేసి, నడుముకు తాడు కట్టి ఉపేందర్‌ని దింపారు. నేలకు కాళ్లు తగలగానే అతను మట్టిలో కూలబడ్డాడు. సారవ్వ వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది.

శాంతిరాజ్ లోపలికొచ్చి కప్పు వంక చూశాడు. ఉపేందర్ పడుకున్న రేకును ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిశీలించాడు. ఎక్కడా సన్నటి గీత కూడా లేదు.

“అన్నిసార్లు చప్పుడైంది కదమ్మా, పగిలింది ఎక్కడ?”

సారవ్వ కాలు పక్కకు జరిపింది. భర్త పడ్డనాడు ఏరి దాచుకున్న రేకు ముక్కలు ఆమె చెప్పు కింద నుగ్గునుగ్గయి ఉన్నాయి.