గోడ తినే ఆవు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మా కాష్కాను కటికవాడికి అమ్మేస్తారేమోనని.

కాష్కా మా ఆవు. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. నా పాలు రెండో నెలలోనే ఇంకిపోయాయి. మా పాప బేగాయ్ బతికేది కాష్కా పాల మీదే. అది మామగారికీ తెలుసు. కానీ ఆయన ప్రాణమంతా కొట్టం గోడ మీద ఉంది.

చలికాలం చివర్లో కాష్కా నోరు పాడైంది. పాత ఎముకలు నమిలింది. ఆరేసిన పాప చొక్కా మింగేసింది. మా ఆయన మెలిస్ టోపీ అంచు కొరికేసింది. ఆ తర్వాత కొట్టం గోడకు లోపలివైపు గుంటలు పడటం మొదలైంది. మామగారు మంచు పడక ముందు తన చేతులతో తెల్లమట్టి పూసిన గోడ అది.

"సిగ్గులేని నోరు! ఎంత తిన్నా ఆగదు కదా!" అని మా అత్తమ్మ ఆవును తిట్టేది. తిడుతూనే కళ్ళు తుడుచుకునేది.

ఆవు బెంగతో ఆమె మాంసం ముట్టడం మానేసింది. కుండ పొయ్యి మీద పెడితే చాలు, లేచి బయటికి పోయేది. ఈ వేసవి మందతో కొండ మీది మేతకు కూడా రానంది. మోకాళ్ళ నొప్పులట. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క వేసవీ మానని మనిషి.

"ఆవు ఇంటిని తింటోంది, దిగులు నిన్ను తింటోంది. శనివారం సంతలో దాన్ని వదిలించుకుందాం" అన్నారు మామగారు.

నేను మెలిస్‌ను రోజంతా పోరి, పశువుల డాక్టరు ఎర్కెబాయ్‌ని పిలిపించాను. ఆయన కాష్కా కళ్ళ చుట్టూ వెలిసిపోయిన వెంట్రుకలు చూశాడు. పక్కటెముకలు తడిమాడు.

"చలికాలమంతా ఎండుగడ్డే పెట్టారు. ఈ లోయ గడ్డిలో సారం లేదమ్మా. భాస్వరం తక్కువ, రాగి తక్కువ. ఒంట్లో ఏది తక్కువైతే నోరు దాన్ని వెతుక్కుంటుంది. అది పొగరు కాదు, లోటు."

"విన్నావా, లోటట! నాకు కొత్త టోపీ లోటు" అన్నాడు మెలిస్.

డాక్టరు ఖనిజ లవణాల పొడి ఇచ్చి దాణాలో కలపమన్నాడు. నాకడానికి ఒక ఉప్పు ఇటుక వేలాడదీశాడు.

అత్తమ్మ ఆ పొడిని వేలితో తాకి చూసింది. "డాక్టరు బాబూ, ఇది పొరపాటున మనుషులు తింటే ఏమన్నా అవుతుందా?"

"ఎందుకు పెద్దమ్మా, రొట్టెలో అద్దుకుంటావా?"

"పాప పాకుతోంది కదా, అందుకని" అంది అత్తమ్మ గట్టిగా.

అమ్మకం వాయిదా పడింది. కొన్ని వారాల్లో పొడి పనిచేసింది. వెంట్రుక నిగనిగలాడింది. పాలు పెరిగాయి. నేను పరీక్షకని ఒక ఎముక ముందు పడేస్తే, కాష్కా దాన్ని వాసన చూసి నా ముఖం మీదే తుమ్మింది. నాకు పండగే.

కానీ గోడకు మళ్ళీ గుంట పడింది.

డాక్టరు తల గోక్కున్నాడు. పొడి ఇంకాస్త పెంచమన్నాడు. గుంట కూడా పెరిగింది. నేను కాష్కాను తీసుకెళ్ళి పగలంతా ఏటి ఒడ్డున కట్టేశాను. సాయంత్రం వచ్చేసరికి పక్కనే ఇంకో గుంట.

"అయితే గోడ తనను తనే తింటోందా?" అన్నారు మామగారు. "నీ ముడి వదులు కోడలా. అది వచ్చి తిని, మళ్ళీ వెళ్ళి నుంచుంది. రుచి మరిగిన నోరు మందుకు ఆగదు."

ఈసారి శనివారం సంత దాకా కూడా ఆగలేదు. కటికవాణ్ణి ఇంటికే పిలిచారు. అతను కాష్కా మెడకు తాడు వేస్తుంటే నేను పాపను చంకనేసుకుని కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మామగారి ముందు కోడలు గొంతెత్తకూడదు. అందుకని నా బదులు పాప ఎత్తింది. లోయంతా మారుమోగింది.

అప్పుడు అత్తమ్మ ఇంట్లోంచి పరుగున వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ పరుగేమిటో! మామగారి చెయ్యి పట్టి పక్కకు లాగి చెవిలో ఏదో చెప్పింది.

మామగారి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీశారు. మళ్ళీ వెనకది ముందుకు పెట్టుకున్నారు.

"తాడు తియ్యి. ఆవును అమ్మటం లేదు" అన్నారు కటికవాడితో.

"ఏంటన్నా, ఆవేమన్నా మాట్లాడిందా?"

"నోరు మూసుకుని లోపలికొచ్చి టీ తాగు!"

మర్నాడు మామగారు గోతం భుజాన వేసుకుని ఏటి గట్టుకు వెళ్ళి తెల్లమట్టి తెచ్చారు. రాళ్ళేరారు. పిండి జల్లెడతో రెండు సార్లు జల్లించారు.

"గోడకేనా మామయ్యా?" అన్నాను మెల్లగా.

"ఊఁ" అన్నారు నా ముఖం చూడకుండా. గోడ గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి.

రేపు నేనూ మెలిస్ పాపతో, కాష్కాతో, మందతో పైకి వెళ్ళిపోతున్నాం. మామగారు ఇంటి దగ్గరే ఉంటారు గానీ, ఆయనకు మట్టి జల్లించడం తప్ప ఇంకేమీ చేతకాదు.

అందుకే ఈ వేసవి మా వాకిలి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు దయచేసి ఒక్కసారి లోపలికి తొంగిచూసి మా అత్తమ్మను పలకరించి వెళ్ళండి, నలభై మూడేళ్ళ వయసులో మళ్ళీ ఐదో నెల, కొట్టం గోడ కూడా ఇక అట్టే మిగల్లేదు.