ఉల్టా

"అరే యార్ మాలతీ, మళ్ళీ ఉల్టా పెట్టావా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

కంప్యూటర్లోంచి మగగొంతు. వెనకాలే ఓ నవ్వు.

భావన చేతిలో టీ ఒలికిపోయింది. రాయ్‌పూర్ రైల్వే కాలనీ పిల్ల, రీసెర్చికని ఈ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరింది. "ఎవరక్కా అది?"

"మా ఆయన యుగంధర్," అంది మాలతి.

ఆయన సిల్తారా దగ్గర లారీ గుద్ది పోయి ఏడాది దాటింది!

"భయపడకే. బతికుండగా చేసిన కోతిపని. లెక్కలో నేను ప్లస్, మైనస్ గుర్తు తప్పు వేస్తే ఆ రికార్డింగు మోగుతుంది."

మొగుడూ పెళ్ళాం ఆ గదిలోనే ఒకే లెక్క మీద పనిచేశారు. అటూ ఇటూ కరెంటుకి అడ్డన్నదే లేని సూపర్ కండక్టర్లు, మధ్యలో క్వాంటమ్ డాట్ అనే కంటికానని చుక్క. సూపర్ కండక్టర్లో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి. చుక్కలో ఒక్కటి ఒంటరిగా చిక్కుకుపోతే మాత్రం కరెంటు వెనక్కి తిరుగుతుంది. అందుకని అక్కడ మైనస్ పెట్టాలి. ఇంతే సంగతి! ఇంత చిన్నదాంట్లోనే మాలతి ఏడాదిగా తప్పుతోంది.

పాపం, మతి చెడిందన్నారు తోటివాళ్ళు. హెడ్డు వెంకటరత్నం గారికి ఓపిక అయిపోయింది. సాయంత్రంలోగా సరైన గ్రాఫు రాకపోతే ప్రాజెక్టూ లేదు, గదీ లేదు, కంప్యూటరూ లేదనేశారు.

మాలతి మళ్ళీ ప్రోగ్రాం నడిపింది.

"అరే యార్ మాలతీ..."

ఆమె కళ్ళు మూసుకుంది. భావన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పోయినవాడు రోజూ ఇలా తిడుతుంటే ఏ మనిషికి లెక్క కుదురుతుంది?

"ఆ గొంతు తీసేద్దామక్కా."

"ముట్టుకున్నావంటే చంపేస్తా!"

ఇంతలో హెడ్డు పిలిచారు. మాలతి అటు వెళ్ళగానే భావన ఉండబట్టలేక ప్లస్ చెరిపి మైనస్ కొట్టింది. గ్రాఫు ముచ్చటగా వచ్చింది. గొంతు రాలేదు. వెంటనే దాన్ని హెడ్డుకి పంపేసింది.

"గ్రాఫు వచ్చేసిందక్కా! మీ ప్రాజెక్టు నిలబడింది," అంది భావన, మాలతి గదిలోకి రాగానే. "గుర్తొక్కటే మార్చాను."

మాలతి మొహం పాలిపోయింది. వచ్చి తెరముందు కూర్చుంది.

"మంచిదమ్మా. పోయి ఇంకో టీ తాగిరా."

భావన గడప దాటింది.

ఆ మైనస్ సంగతి తనే కనిపెట్టి, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని విసుక్కుంటూ యుగంధర్‌కి నేర్పిన మాలతి, తలుపు వేసుకుని, దాన్ని చెరిపి మళ్ళీ ప్లస్ కొట్టింది.