పోస్టుకార్డంత తోపు

“ఆపెయ్యండి మజూరెక్ గారూ. బూడిదలో పోసిన పన్నీరు ఇక చాలు” అన్నాడు వాషింగ్టన్ నుంచి దిగిన పెద్ద అధికారి హాలోరన్.

స్టాన్ మజూరెక్ చెయ్యి స్విచ్ మీదే ఉంది గానీ వేళ్లు కదల్లేదు. అది నొక్కితే పైన ఉపగ్రహంలో ఆగిపోయేది తను తొమ్మిదేళ్లు ప్రాణం పెట్టి చేసిన ఇంజన్. పాదరసాన్ని ఆవిరిచేసి, కరెంటు పట్టించి వెనక్కి చిమ్ముతుంది. అది తోసే తోపు అరచేతిలో పెట్టిన పోస్టుకార్డు బరువంత. అయితేనేం, ఆగకుండా తోస్తూ ఉంటే ఉపగ్రహం మెల్లమెల్లగా పైకెక్కాలి. ఇప్పుడు ఆపితే ఈ జన్మకి మరో అవకాశం ఇవ్వరు.

“మీటర్లన్నీ బాగానే చూపిస్తున్నాయి సార్. ఒక్క వారం ఆగండి.”

“మీటర్ల మాట వదిలెయ్యండి. రాడార్ వాళ్లేమంటున్నారు? మూడు రోజులుగా ఎక్కకపోగా కిందికి దిగుతోందట! పోస్టుకార్డుతో గాడిదనైనా తొయ్యలేం, మీరు ఉపగ్రహాన్ని తోస్తారా? కానివ్వండి, శుక్రవారం పూట క్యాంటీన్లో పియెరోగీ కుడుములు అయిపోతాయి.”

పాపం, స్టాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు స్విచ్ మీద ఆనించాడు.

“ఆగు స్టాన్! చెయ్యి తియ్యి!” లెక్కల బల్ల దగ్గర్నుంచి వెర్నా పరుగెత్తుకొచ్చింది. “ఎంత దిగింది సార్?”

“తొమ్మిదిన్నర కిలోమీటర్లు. గాలి లాగేసి ఉంటుంది.”

“వెయ్యి కిలోమీటర్ల ఎత్తున గాలెక్కడ ఏడ్చిందండీ? స్టాన్, మూడు రోజుల్లో ఎంత ఎక్కాలని లెక్క వేశాం?”

“తొమ్మిదిన్నర...” స్టాన్ నోరు అలాగే తెరుచుకుపోయింది.

“అంటే తోస్తోంది! లెక్క ప్రకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా తోస్తోంది. కాకపోతే వెనక్కి చిమ్మాల్సింది ముందుకి చిమ్ముతోంది, అందుకే వేగం తగ్గి ఎక్కాల్సినంతా దిగింది.”

హాలోరన్‌కి విషయం అర్థమయ్యేసరికి మొహం కందగడ్డయింది. “ఎదురు తిప్పి బిగించారా? ఏ తలమాసినవాడు చేశాడా పని? వాడి ఉద్యోగం ఊడగొడతాను!”

స్టాన్ వెర్నాను రెండు చేతులా ఎత్తి గిరగిరా తిప్పేస్తున్నాడు. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

“నేనే సార్! ఏడాదిపాటు పరీక్షల ట్యాంకులో తలకిందులుగా వేలాడదీసి చూసీ చూసీ, అలవాటుకొద్దీ ఉపగ్రహానికీ అలాగే బిగించేశాను. నన్ను పీకెయ్యండి సార్, ఇంజన్ని మాత్రం ఆపకండి!”