పెద్దక్షరాల చట్టం

"లైసెన్సు ఏదీ?" అన్నాడు తనిఖీ ఆఫీసరు, జీపు దిగీ దిగకుండానే.

గేటు ముందు స్టూలు మీద నిమ్మరసం జగ్గు పెట్టుకుని కూర్చున్న ఆరేళ్ళ పిల్ల వీధి మలుపు నుంచి చూపు తిప్పి, "అంటే?" అంది.

"అంటే అంటుందే! నీళ్ళు పరీక్ష చేయించావా? తలకి టోపీ ఏదీ?"

వరండాలోంచి తాతయ్య లేచొచ్చాడు. "దీన్ని పట్టుకోడానికి జీపు కూడానా బాబూ? నడిచొస్తే సరిపోయేదిగా."

"చట్టానికి చిన్నా పెద్దా లేదండీ," అంటూ ఆయన పరీక్ష పేరు చెప్పి రెండు గ్లాసులు గడగడా తాగేసి మూతి తుడుచుకున్నాడు. చట్టానికి దాహమెక్కువలా ఉంది. సాసరు మూతపెట్టిన మూడో గ్లాసు మీద చెయ్యి వేయబోతే పిల్ల గభాల్న లాక్కుంది.

"అది అమ్మకి!"

"విన్నారుగా? అమ్మకానికేనని దాని నోటితోనే ఒప్పుకుంది."

"వాళ్ళమ్మకయ్యా స్వామీ! ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. ఇవాళ ఇంటికి పంపుతున్నారు. అమ్మని అందరికంటే ముందు తనే చూడాలట, లోపలికి రమ్మంటే రాదు. ఊరికే కూర్చోలేక ఈ దుకాణం పెట్టింది."

"దుకాణమని మీరే అంటున్నారు!"

జీపులో చూస్తే అచ్చు నోటీసులు అయిపోయాయి. అంతమాత్రాన ఆయన ఆగుతాడా? ఓ అట్టముక్క దొరకబుచ్చుకుని, వీధి చివరికి కూడా కనబడేంత పెద్దక్షరాలతో రాసి గేటుకి కట్టాడు: ఇచ్చట అమ్మరాదు.

"చదవడం వచ్చా?"

"వచ్చు! ఒత్తులే ఇంకా రావు. ఒత్తున్న మాటల్లో ఒక్కటే వచ్చు."

"వచ్చినంత చదువు. చట్టమంటే ఏమిటో తెలిసొస్తుంది."

పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. మొదటి మాట వదిలేసింది. రెండోది చదివింది. మళ్ళీ చదివింది. అంతే, ఒక్కసారిగా బావురుమంది.

"చూశారా, ఎలా పనిచేసిందో! ఇక జన్మలో అమ్మదు," అని మీసం దువ్వుకుంటూ జీపెక్కాడు ఆఫీసరు. ఆరేళ్ళ పిల్లని గెలిచి మరీ వెళ్ళాడు మహానుభావుడు.

తాతయ్య జగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "వాడి మొహం! ఊరుకోవే పిచ్చుకా, రేపు లోపల వరండాలో పెట్టుకుందాం నీ కొట్టు."

పిల్ల తల అడ్డంగా ఊపింది. మూతపెట్టిన గ్లాసుని గుండెకి హత్తుకుని, అట్టముక్క వైపు వేలు చూపించింది.

"తాతయ్యా, అమ్మ రాదా?"