చప్పిడి పథ్యం

"కొత్తావకాయ ఒక్క బద్ద పెట్టవే తల్లీ," అని నాన్న కంచం ముందు ఏడ్చాడు. చెయ్యి వణికి ముద్ద జారిపోయింది.

"ఇంకో పది రోజులు ఓర్చుకో నాన్నా," అన్నాను.

అది 1977 మే నెల. కొన్ని నెలలు నాన్న నిద్రలేకుండా ఊరంతా తిరగడం, కొన్ని నెలలు గోడవైపు తిరిగి పడుకోవడం. ఇది దయ్యం కాదని, మెదడుకొచ్చిన జబ్బని బెజవాడ డాక్టరుగారు చెప్పి, లిథియం బిళ్లలు రాశారు.

మేనత్త నాగేశ్వరమ్మ మూతి విరిచింది. "మన వంశంలో బడికెళ్లింది నువ్వొక్కదానివేగా! భూతవైద్యుణ్ణి కాదని మందు తెచ్చావు. చప్పిడి పత్యమన్నా సరిగ్గా చేయించు."

చేయించాను. ఇరవై రోజులు ఉప్పు తగలనివ్వలేదు. ఆవకాయ జాడీ ఉన్న గదికి తాళం వేశాను.

ఆవకాయ అడిగిన మర్నాడు నాన్న తూలి పడిపోయాడు. తిరువూరు నుంచి బెజవాడ దాకా బస్సులో వాంతులు. నన్ను గుర్తుపట్టలేదు.

డాక్టరుగారు ఆ వణుకు చూసి, "ఉప్పు మానేశారా?" అన్నారు.

"చాలా నిష్ఠగా పత్యం చేయించానండి."

ఆయన నర్సును కేకేశారు. "ఉప్పు తగ్గితే ఈ మందు బయటికి పోదమ్మా. ఒంట్లోనే పేరుకుని విషమవుతుంది."

నర్సు నాన్న చేతికి సూది గుచ్చి, పైన సీసా వేలాడదీసింది. అందులో ఏముందని అడిగాను.

"ఉప్పునీళ్లమ్మా," అంది.