కొత్తనీటి పందెం

"పుట్టి దిగుతావా, దిగవా?"

"దిగను. భయమైతే ఇంటికి పోయి గాజులు తొడుక్కో సాబూ!"

గఫూర్ సాబ్ తన చేతిలోని తెడ్డు తిప్పి కొట్టాడు. మొదటి దెబ్బ జయన్న భుజం మీద పడింది. రెండోది ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రేవులో అందరికీ వినబడింది. జయన్న అరుచుకుంటూ పుట్టిలోంచి బురదలోకి దొర్లాడు. లేవబోతే సాబు మోకాలి మీద మరొకటి వేశాడు.

నలుగురు కలిసి పట్టుకుంటే గాని ఆ ముసలాడి చేతిలోంచి తెడ్డు ఊడిరాలేదు. తర్వాత వాళ్లు ఊరుకుంటారా? ఊరి పెద్ద ఉరుకుందప్ప కొడుకులిద్దరూ అతని మొహం మీద గుద్దారు, కడుపులో తన్నారు. పన్ను ఊడింది. తెల్లగడ్డం ఎర్రబడింది. సాబు చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు.

జయన్న పెండ్లాం తిప్పమ్మ నెలలు నిండిన పొట్టతో పరిగెత్తుకొచ్చింది. మొగుడి చెయ్యి చూసి బావురుమంది. గుప్పెడు దుమ్మెత్తి సాబు మొహాన కొట్టింది.

"నీ సేతులు పడిపోనూ! నీ రేవు పాడుబడిపోనూ!"

తుంగభద్ర మీద ఎగువన ఆనకట్ట ఇంకా కడుతున్న రోజులవి. ఎమ్మిగనూరుకు ఉత్తరాన ఉన్న ఆ రేవులో, వానాకాలం మొదటి వరద ఎర్రగా దిగగానే పందెం పెట్టేవాళ్లు. ఆ కొత్తనీటిలో అవతలి గట్టు తాకి ముందుగా తిరిగొచ్చినవాడిదే ఏడాదంతా రేవు. ఎమ్మిగనూరు చీరల మూటలైనా, సంతకు పోయే మేకలైనా వాడి పుట్టిలోనే దాటాలి. చాలా ఏళ్లుగా ఆ రేవు గఫూర్ సాబ్‌దే. అతని పుట్టి అందరి పుట్టిలాగే గుండ్రంగా, తోలు అడుగుతో నున్నగా ఉండేది.

జయన్నకు ఆ గుండ్రటి పుట్టి అంటే ఒళ్లు మంట. తెడ్డు వేస్తే ముందుకు పోకుండా గానుగెద్దులా తిరుగుతుందనేవాడు. అందుకే తాను కోలగా పుట్టి అల్లుకున్నాడు. దాని అడుగున తుమ్మపలకను నిలువుగా బిగించాడు. ఎండాకాలం మడుగులో అది ఎటూ తిరగకుండా సూటిగా పోయింది. సాబు పుట్టి సగం దూరం రాకముందే జయన్న గట్టెక్కి బీడీ ముట్టించాడు.

"నిలిచిన నీళ్లకు నీ పలక బాగుండాదప్పా," అన్నాడు సాబు ఆరోజు. "కొత్తనీరు అట్ల కాదు. నడుమ గుండ్ల కాడ అడ్డం తిరిగి కొడతాది. నాది నున్నగుండాది గాబట్టి అలమీదికెక్కి పక్కకు జారుకుంటాది. నీ పలక జారనీదు. దాన్ని పట్టుకుని నీళ్లు నిన్ను బోర్లా ఏస్తాయి. పీకేయి."

"పీకేస్తే నువ్వు గెలుస్తావు గదా!"

ఊరంతా నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని వెక్కిరించింది. తీరా పందెం రోజు తెడ్డు పట్టుకుని జయన్న మీద పడేసరికి, సాబు కడుపులో ఉన్నదేమిటో అందరికీ తెలిసిపోయిందనుకున్నారు.

ఆ కొట్లాటలో జయన్న పుట్టి తాడు ఊడి నీళ్లలోకి జారింది. ఖాళీ పుట్టి కొంతదూరం చక్కగా, సూటిగా పోయింది. ఏటి నడుమ రాతిగుండ్ల దగ్గర ఎర్రటి అల ఒకటి పక్కనుంచి వచ్చి తగిలింది. పుట్టి ఒరిగింది, బోర్లా పడింది. అడుగు పలక చేప రెక్కలా పైకి కనబడి మునిగిపోయింది.

"సూసినారా! తాడు గూడా కోసినాడు ముసిలోడు!" అని అరిచాడు ఉరుకుందప్ప.

"నేను అండ్ల ఉండింటే మునిగేదా?" అని ఏడ్చాడు జయన్న, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "మనిషి లేకుండా పోయింది గాబట్టి మునిగింది!"

మధ్యాహ్నం చావడిలో పంచాయితీ కూర్చుంది.

"ఏం సాబూ, ఎందుకు కొట్టినావు?"

"కొట్టినా."

"ఓడిపోతాననేనా?"

గఫూర్ సాబ్ తల వంచుకున్నాడు. "అట్లనే అనుకోండప్పా."

అంత మాట అన్నాక జాలిపడే వాళ్లెవరు? రేవు జయన్నకిచ్చారు. సాబు గుండ్రటి పుట్టి కూడా జయన్నకే ఇచ్చారు. చెయ్యి అతుక్కునేదాకా బామ్మర్ది తెడ్డు వేస్తాడు. సాబు ఇక ఈ నీళ్లలో కాలు పెట్టకూడదన్నారు. పుట్టినప్పటినుంచీ ఆ ఏటి గట్టునే బతికిన మనిషికి ఆ మాట చెప్పడానికి ఎవరికీ నోరు తడబడలేదు. సాబు మాత్రం చెయ్యెత్తి అందరికీ సలాం పెట్టి లేచిపోయాడు.

ఆ వారంలోనే సాబు, అతని భార్య రసూల్‌బీ సామాను బండికెత్తారు. ఆదోని పత్తిమిల్లులో బేళ్లు మోసే పని దొరుకుతుందని పోతున్నారు. ఊరు దాటాక దారిలో తిప్పమ్మ ఒక్కతే నిలబడి ఉంది. చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపింది.

"ఇంకా తిట్టేది మిగిలిందామ్మా?" అంది రసూల్‌బీ కోపంగా.

తిప్పమ్మ ఆమె వైపు చూడలేదు. ముందూ వెనకా ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది.

"జయన్న ఎట్లుండాడు?" అని అడిగాడు సాబు.

"రాత్రీ పగలూ అరుస్తాండాడు. నువ్వు కనపడితే సంపుతానంటాండాడు."

"అననీలే. అరిసేటంత జీవముంది గదా."

తిప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి బండి పట్టె పట్టుకుని, గొంతు తగ్గించి అంది:

"సెయ్యి ఇరగ్గొట్టమని నీ కాళ్లు పట్టుకున్నది నేనేనని ఆయప్పకు ఎప్పుడూ సెప్పొద్దు సాబన్నా."