మట్టయ్య నడక

మట్టయ్య నడక మందగించి ఆర్నెల్లయింది. అప్పటినుంచి అండాలమ్మకు మనసు మనసులో లేదు.

ఆయన లారీ డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. నల్గొండ పల్లె నుంచి మీర్‌పేట్ వచ్చి ఇన్నేళ్లయినా పెళ్లాంతో కలిసి నడిచిన పాపాన పోలేదు. ఆయన సందు మలుపు తిరిగాక గానీ ఆమె గుమ్మం దిగేది కాదు. అలాంటివాడు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బజార్లో ప్రతి దుకాణం ముందూ ఆగుతున్నాడు. మెట్రో దగ్గర మెట్లు వద్దు, లిఫ్టు అంటున్నాడు. రోడ్డు దాటాలంటే ఆమె చెయ్యి పట్టుకుని, బండ్లన్నీ పోయేదాకా కదలడం లేదు.

మోకాళ్లకు ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదన్నారు. షుగరు లేదన్నారు. నడుము కూడా బాగుందన్నారు. వయసు మీద పడిందమ్మా అని కొడుకు శ్రీనివాస్ తేలిగ్గా తీసిపారేస్తే ఆమెకు ఒళ్లు మండింది. వణుకుడు జబ్బు ఇలాగే మొదలవుతుందని పక్కింటి సుమిత్రమ్మ అన్న దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు.

చివరికి ఎల్బీనగర్‌లో నరాల డాక్టరు సంధ్యారాణి దగ్గరికి పట్టుబట్టి తీసుకొచ్చింది. ఎక్కడ తూలిపడతాడోనని వరండా పొడుగునా ఆయన జబ్బ గట్టిగా పట్టుకుంది. ఆమె కొత్త చెప్పు ఊరికే కాలినుంచి జారిపోతోంది. మట్టయ్య మధ్యలోనే ఆగిపోయాడు.

“జర కూసుందాం. తొందరేమున్నది?” అన్నాడు.

ఆమె గుండె జారిపోయింది. ఇంత దూరానికేనా?

ఇద్దరూ లోపలికి రావడం డాక్టరు కళ్లార్పకుండా చూసింది. ఏవో ప్రశ్నలు వేసింది. తర్వాత, పెద్దాయనను ఒక్కరినే పరీక్షించాలంటూ అండాలమ్మను బయట కూర్చోమంది.

కుర్చీలో ఆమెకు కుదురు లేదు. లేచింది. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లి, సందులోంచి లోపలికి చూసింది.

మట్టయ్య నడుస్తున్నాడు. ఆ గోడ నుంచి ఈ గోడకు, తడబాటు లేకుండా, పాత రోజుల్లోలాగా. గిరుక్కున తిరిగి అదే ఊపున వెనక్కి వచ్చాడు.

ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ నాటకమాడి తనను ఆస్పత్రుల చుట్టూ తిప్పాడా?

“ఇంత బాగా నడుస్తున్నారు కదా, మరి ఆమెతో ఉన్నప్పుడు ఎందుకట్ల?” డాక్టరు అడిగింది.

మట్టయ్య గొంతు తగ్గించాడు.

“నా కాళ్లకేం కాలే బిడ్డా, నడువ చాతనైతలేనిది ఆమెకు, తన కోసమంటే దవాఖానకు రానంటదని నేనే గిట్ల నడుస్తున్న.”